పచ్చపాము నిమిరిన చేయి

పోయిన వారం శిడ్లఘట్టలో మా తోడల్లుడి రీలింగ్ షెడ్డుకు పోయాను. పట్టుగూళ్ళు ఉడికే వాసనకు ముక్కు మూసుకుని ఒక మూల నిలబడి ఉంటే, అతను ఆరిన పట్టుదారపు లడి ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టి, చూడన్నా అన్నాడు. రెండు అరచేతుల మధ్య దాన్ని పైనుంచి కిందికి నిమిరాను. చల్లగా, పొడిగా, బరువే లేకుండా, తనంతట తానే జారిపోతున్నట్టు ఉంది. మోచేతిదాకా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అతను పట్టు నాణ్యం గురించి ఏదో చెబుతున్నాడు. నాకు మాత్రం జంగమకోటె దగ్గర ఒక మల్బరీ తోట కంచె, ఆ కంచె ముందు చెయ్యి చాచి నిలబడిన ఒక ఆడమనిషి కనిపిస్తోంది. ఆమె పేరు రత్నమ్మ. నేను రత్నక్క అనేవాణ్ణి. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చింతామణిలో ఆమె చేతి కూడు తిన్నవాళ్ళలో కూడా ఆమె ముఖం గుర్తున్నవాళ్ళు తక్కువే, ఎందుకంటే ఆమె వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను చెప్పేదాంట్లో పాలకంటే నీళ్ళు ఎక్కువని చింతామణి బస్టాండులో ఎవరిని అడిగినా చెబుతారు. బాగేపల్లి ఎండలో బండమీద పెట్టిన కోడిగుడ్డు ఉడికి, పొట్టు తానే ఒలుచుకుని, నీడ వెతుక్కుంటూ దొర్లుకుంటూ పోయిందని నేను చెప్పిన కథను, నాకే మళ్ళీ తమ కళ్ళారా చూసినట్టు చెప్పినవాళ్ళు ఉన్నారు. ఈ కథలో మాత్రం నీళ్ళు కలపలేదు. కలపడానికి చేయి రాదు కూడా. ఎందుకో చదివితే తెలుస్తుంది.

రత్నక్కది గౌరిబిదనూరు పక్క నాగరగెరె. పెళ్ళయి చింతామణికి వచ్చింది. మొగుడు ఆమెను విడిచి ఎటో వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. బస్టాండు వెనక సందులో నాలుగు బెంచీల మెస్సు పెట్టుకుని మధ్యాహ్నం ఒక్కపూట ఊట పెట్టేది, మా వైపు భోజనాన్ని అట్లా అంటాము. రాగిముద్ద, పప్పుపులుసులాంటి సారు ఒకటి, అన్నం, మజ్జిగ. అనపకాయల కాలంలో, నానిన గింజల పొట్టు పితికి తీసిన పితికిపప్పు. నేను అప్పట్లో విత్తనాల కంపెనీ తరఫున ఊరూరూ తిరిగేవాణ్ణి. నేనమ్మిన టమాటా విత్తనాల గురించి నేను చెప్పిన కథలకూ, పొలంలో కాసిన కాయలకూ పొత్తు కుదరక కంపెనీ నన్ను వదిలేసింది. ఆ మధ్యాహ్నం ఆమె మెస్సులో కూర్చుని ముద్ద తింటూ, పనిచేసే మనిషి రాలేదని ఆమె ఒక్కతే వండి ఒక్కతే వడ్డించడానికి అవస్థ పడుతుంటే, ఎంగిలి చేయి కడుక్కుని బకెట్ అందుకున్నాను. అట్లా అందుకున్న బకెట్ పద్నాలుగేళ్ళు దించలేదు. నా భార్యా కూతురూ చిక్కబళ్ళాపురంలో, నేను చింతామణిలో ఒక గదిలో. ఆదివారం మెస్సుకు సెలవు, ఆ రోజు ఇంటికి పోయి వచ్చేవాణ్ణి.

ఆమె మాట్లాడేది తక్కువ. బెంచీల దగ్గర నేను మాట్లాడేదే ఇద్దరికీ సరిపోతుందని అనుకునేదేమో. పొయ్యి దగ్గర ఆమెకొక పద్ధతి ఉండేది. సారు దించే ముందు గరిటెతో ఒక చుక్క ఎడమ అరచేతి మొదట్లో, మణికట్టు దగ్గర వేసుకుని, ఊది, నాలుకతో అద్దుకుని, కళ్ళు మూసుకునేది. ఒక్కసారే. రెండోసారి రుచి చూడటం నేను ఎరగను. కళ్ళు తెరిచేసరికి ఏం కావాలో ఆమెకు తెలిసిపోయేది. చిటికెడు ఉప్పో, చింతపండు పులుసో, ఒక్కోసారి ఏమీ లేదో. అందరూ తిని పోయాక మూడు గంటలకు తాను ఒక్కతే తినేది. నేను ఎదురుగా కూర్చుంటే లేచి ఏదో పని కల్పించుకునేది. ఒకరి ముందర తినడం అలవాటు తప్పిపోయిందప్పా అని ఒకసారి అన్నది. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

అడగవలసింది. అడగకపోవడం వల్లే ఆ ఖాళీని నేను నింపాను. ఒకరోజు బస్సు తప్పిపోయిన మేష్ట్రు ఒకాయన, ఆకుకూర ఉడికించి వంచిన నీళ్ళతో చేసే బస్సారు రెండుసార్లు వేయించుకుని, ఈ రుచి ఈ అమ్మకు ఎట్లా వచ్చిందని అడిగాడు. మా వైపు ఒక నమ్మకం ఉంది. చెట్టుకొమ్మల్లో పచ్చటి తీగలాగా వేలాడే సన్నటి పాము ఉంటుంది, పసిరిక పాము, మేము పచ్చపాము అంటాము. బతికిన పచ్చపామును తలనుంచి తోకదాకా అరచేతులతో నిమిరిన ఆడపిల్లకు వంట చేయి వస్తుందనీ, ఆ చేత్తో నీళ్ళు కాచినా రుచిగా ఉంటాయనీ అంటారు. అదే పాము మనిషి కళ్ళు చూసి పొడుస్తుందని కూడా అంటారు. కాబట్టి వంట కావాలంటే కళ్ళు మూసుకుని నిమరాలి. ఇంత సరుకు చేతిలో ఉన్నప్పుడు నా నోరు ఊరుకుంటుందా? రత్నక్కకు తొమ్మిదేళ్ళప్పుడు కైవార కొండ ఎక్కుతుంటే చింతకొమ్మ నుంచి జానెడు తక్కువ నిలువెత్తు పచ్చపాము దిగి ఆమె రెండు చేతుల్లో పడిందని, మూడుసార్లు నిమిరితే మూడోసారికి పాము కళ్ళు మూసుకుని గురక పెట్టిందని చెప్పాను. మేష్ట్రు నవ్వాడు. నవ్వుతూనే ఆ కథను బాగేపల్లికి మోసుకుపోయాడు.

ఆరు నెలలు తిరిగేసరికి ఆ కథ నన్ను దాటిపోయింది. బెంచీలు చాలక మనుషులు సందులో నిలబడి తినేవాళ్ళు. తల్లులు పెళ్ళీడు కూతుళ్ళను తెచ్చి, అమ్మా, నీ చేయి మా బిడ్డ చేతిమీద ఒకసారి రాయి అని అడిగేవాళ్ళు. రత్నక్క తల అడ్డంగా ఊపి లోపలికి పోయేది. అది కోపమని నాకు తట్టలేదు. సిగ్గనుకున్నాను. వ్యాపారం పెరిగింది గదా, ఇంకేమి కావాలి అనుకున్నాను.

ఒకనాడు జంగమకోటె వైపునుంచి ఒక రైతు, పెళ్ళి కుదిరిన కూతురిని వెంటబెట్టుకుని, చేతిలో పాలక్యాన్‌తో వచ్చాడు. క్యాన్‌లో పచ్చపాము ఉంది. రత్నక్క ఆ పిల్ల చేతులు పట్టుకుని పామును నిమిరిస్తే పుణ్యముంటుందని అతని కోరిక. అమ్మాయి గోడకు అతుక్కుని నిలబడింది. అతను మూత తీశాడు. వేసవి ఎండలో, మూత బిగించిన క్యాన్‌లో, రెండు గంటల బస్సు ప్రయాణం. పాము చచ్చిపోయి అడుగున చుట్ట చుట్టుకుని ఉంది. ఆకుపచ్చ అప్పటికే మబ్బుపట్టినట్టు మాసిపోయింది. రైతు నొచ్చుకున్నాడు, క్యాన్ మోరీలో వంచబోయాడు. రత్నక్క వంటింట్లోంచి వచ్చి క్యాన్ అందుకుంది. వెనక కరివేపాకు చెట్టు కింద గుంత తవ్వి, పామును అందులోకి జార్చి, మన్ను కప్పి, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ ముద్దలు కట్టింది. నాగుపాము చస్తే పాలూ నెయ్యీ పోసి కాలుస్తారు గాని పచ్చపాముకు ఇంత మర్యాద ఎవరూ చేయరు.

మరుసటి రోజు పొద్దున కూరగాయలు తరుగుతూ తానే ఆ మాట ఎత్తింది. "నీ అబద్ధాలతో నాకేం తకరారు లేదు కిష్టప్పా. గుడ్డు దొర్లుకుంటా పోయిందంటే పోనీ, ఎవరికేం నష్టం? అయితే ఒకటి చెప్పు. ఆ పాము నా చేతిలో పడింది యాడ?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె కత్తిపీట ముందరనుంచి తలెత్తలేదు.

పెళ్ళయిన కొత్తలో ఆమెకు వంట రాదట. అత్త ఆమె చేసిన సారు రుచి చూసి, నోటితో ఏమీ అనకుండా, తీసుకుపోయి బర్రె కుడితిలో పోసేదట. మొగుడు వెళ్ళిపోయాడు, అత్త పోయింది. ఇంట్లో ఒక్కతే మిగిలింది. ఒక్కదానికి వండుకోవడమెందుకని వదిలేయకుండా, రోజూ అదే సారు పెట్టేదట. ఉప్పెక్కువైతే ఆ ఉప్పు సారే తిన్నది. మాడితే ఆ మాడు తిన్నది. పారబోయలేదు, ఎవరికీ పెట్టలేదు. మరుసటి రోజు మళ్ళీ పెట్టేది. పదకొండేళ్ళు అట్లా గడిచాక ఒక మధ్యాహ్నం సారు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుందట. ఆ రోజు, బాగుంది అని చెప్పడానికి పక్కన ఒక్క మనిషి లేడట. పదిరోజులకు మెస్సు తెరిచింది.

"ఆ పదకొండేండ్లూ నేను ఒక్కదాన్నే కూసోని తిన్న చెడ్డ కూడు యాడ పెట్టినావు నీ కథలో?" అన్నది. "నా చేతిలోది ఎత్తుకోనిపోయి పాముకిచ్చేస్తివి గదప్పా. ఆ పామునీ చంపిస్తివి."

నేను ఆ రోజునుంచీ నిజం చెప్పడం మొదలుపెట్టాను. జీవితంలో నేను చెప్పిన వాటన్నిటిలో జనం నమ్మనిది అదొక్కటే. పాము లేదు, ఏమీ లేదు, ఆమె కష్టపడి నేర్చుకుంది అంటే బెంచీలమీద కనుసైగలు చేసుకునేవాళ్ళు. రహస్యం బయటపడకుండా దాస్తాండావు గదా అన్నారు. పదకొండేళ్ళు చెడ్డ సారు తిన్నదంటే, ఇదేందప్పా ఇంత పెద్ద కోత అన్నారు. బాగేపల్లి మేష్ట్రైతే, కిష్టప్పా, పాత కథే బాగుంది, కొత్తది అతకలేదు అని సలహా ఇచ్చాడు. రత్నక్క లోపలినుంచి వింటూ ఉండేది. కొన్నాళ్ళకు, ఇంక ఆ మాట వదిలేయమని నాతో అన్నది. అప్పటినుంచి మాత్రం పొయ్యి దగ్గర తన పక్కన నాకు ఒక పీట వేసింది. అరచేతి మీద చుక్క వేసుకోవడం, వేడి పోయేదాకా ఆగడం, ముందర ఏ రుచి వస్తుంది, వెనక ఏది మిగులుతుంది అని చూడటం నేర్పింది. గొంతు దిగినాక కూడా మాట్లాడొద్దు, వెనక వచ్చేది ఇంకా రావల్ల అనేది. వాగుడుకాయకు మౌనం నేర్పాలంటే నోట్లో సారు పోయడమే దారి అని ఆమె కనిపెట్టింది.

తర్వాత కరోనా వచ్చింది. మెస్సు మూసేశాము. ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. ఊరు తెరుచుకున్నాక మేమూ తెరిచాము. మొదటి వారంలోనే నాకు అనుమానం తగిలింది. ఆమె సారు చుక్కను రెండుసార్లు చూసింది. మరునాడు మూడుసార్లు చూసింది. ఒకరోజు సారు ఉప్పు కషాయమైంది. తిన్నవాళ్ళు మర్యాదస్తులు, మజ్జిగ ఎక్కువ పోయించుకుని లేచిపోయారు. మిగిలిన ఇస్తర్లు చూసి ఆమె గడపలో కూర్చుండిపోయింది. నేను దగ్గరికి పోతే, నాలుక చచ్చిపోయిందప్పా అన్నది. వాసన కూడా లేదట. వేడి తెలుస్తోంది, చల్లన తెలుస్తోంది, మధ్యలో ఏమీ లేదు. ఆసుపత్రిలో అడిగితే కొందరికి వస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది, చూద్దాం అన్నారు.

అట్లా నేను ఆమెకు నాలుకనయ్యాను. పొద్దున్నే ఆమె వండేది, నేను రుచి చూసి చెప్పేవాణ్ణి. మొదట్లో ఆమె మనసు నొప్పించడమెందుకని, బాగుందక్కా అనేవాణ్ణి. ఆమె మధ్యాహ్నం ఇస్తర్లలో మిగిలినదాన్ని చూసేది. సాయంత్రం నా ముందర నిలబడి, "నువ్వు ఊరంతటికీ అబద్ధం చెప్పు, నా నాలుకగా ఉన్నంతసేపు చెప్పొద్దు" అన్నది. అప్పటినుంచి రోజుకు ఒక గంట, పొయ్యి ముందర, నేను నిజం మాత్రమే పలికాను. ఉప్పు అర చిటికెడు తక్కువ. పులుపు ముందుకు తోసుకొస్తోంది. మెంతులు మాడినాయి. అలవాటు లేని పని కావడంతో పది గంటలకల్లా అలసిపోయేవాణ్ణి. కానీ మెస్సు నిలబడింది. తినేవాళ్ళకు తేడా తెలియలేదు.

రెండేళ్ళు అట్లా జరిగింది. ఆ మధ్యలో చిక్కబళ్ళాపురంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ చూసుకునే పని ఉందని మా బావమరిది కబురు పెట్టాడు. కూతురు కాలేజీలో చేరింది, నా భార్యకు మోకాళ్ళ నొప్పులు. ఇంటి దగ్గరే పని, రోజూ ఇంట్లో నిద్ర. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇంట్లో ఒక కథ చెప్పాను. రత్నక్కకు అసలు చెప్పనేలేదు. కానీ మా ఆవిడ ఆమెకు ఫోన్ చేసి ఏడ్చిందని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే ఒక పొద్దున రత్నక్క బియ్యం కడుగుతూ అడిగింది. "ఆ పచ్చపాము సంగతి ఊళ్ళో ఉండేదేనా, నువ్వే కట్టినావా?"

నమ్మకం ఊరిదక్కా, నీ పేరు అతికించింది మాత్రం నేను అన్నాను.

"అట్లయితే ఒకసారి చూద్దాము పా. అదేమో చేయికిస్తాదంట గదా. నాలుకకి కూడా ఇస్తాదేమో."

నేను ఆమె ముఖం చూశాను. నవ్వులాట లేదు. ఇన్నేళ్ళూ నా అబద్ధాన్ని అసహ్యించుకున్న మనిషి దాని గడప దగ్గరికే వచ్చి నిలబడింది. అదంతా ఉత్తదేనక్కా అని చెప్పవలసినవాణ్ణి. సరే అన్నాను.

మూడు ఆదివారాలు వెతికాము. నాకు తెలిసిన ఇంకో రైతుకు జంగమకోటె దగ్గర మల్బరీ తోట ఉంది, దాని చుట్టూ లాంటానా, సీతాఫలం చెట్లూ అల్లుకున్న పాత కంచె. పట్టుకోవడం గిట్టుకోవడం వద్దని ఆమె ముందే చెప్పింది. ఆ క్యాన్‌లోది చాలు అన్నది. మొదటి రెండు వారాలూ తీగలను పాములనుకోవడం, ఉడతలకు ఉలిక్కిపడటం, గట్టుమీద కూర్చుని తెచ్చుకున్న చిత్రాన్నం తినడం. ఆమె నమలడం చూస్తుంటే నాకు తినబుద్ధి అయ్యేది కాదు. పని చేసినట్టు నమిలేది, పని అయిపోయినట్టు మింగేది.

మూడో ఆదివారం కంచె పక్కన నిలబడి ఉన్నాము. గాలి వీస్తోంది, కొమ్మలన్నీ ఊగుతున్నాయి. గాలి ఆగింది. కొమ్మలు ఆగాయి. ఒక్క తీగ మాత్రం ఇంకా ఊగుతోంది. రత్నక్కే ముందు చూసింది. నా చొక్కా పట్టుకుని లాగింది. ఆకు రంగులోనే ఉంది, వేలంత లావు కూడా లేదు. తల ముందుకు సాగదీసినట్టు కొస తేలి, పసుపు రంగు కంటిలో నల్లపాప నిలువుగా కాకుండా అడ్డగీతలా ఉంది. గాలి వచ్చినప్పుడు కొమ్మతో పాటు ఊగి, గాలి పోయాక ఆగడం మరిచిపోయింది. నేను చెప్పిన పామైతే గురక పెట్టేది. ఇది మమ్మల్ని చూస్తూ ఊరికే ఉంది.

ఆమె చెయ్యి చాచింది. ఒకసారి వెనక్కి లాక్కుని, మళ్ళీ చాచింది. చిన్నప్పటినుంచీ పాములంటే ఆమెకు ప్రాణభయమని అప్పుడు తెలిసింది నాకు. నేను నా చేతిని ఆమె చేతికింద ఆనించి పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పాము తల మెల్లగా ముందుకు వచ్చి, ఆమె వేళ్ళమీదికి, అరచేతిమీదికి, అక్కడినుంచి మణికట్టు దాటి నా చేతిమీదికి, అవతలి సీతాఫలం కొమ్మమీదికి సాగిపోయింది. అది మమ్మల్ని కొమ్మలనుకుంది, అంతే. మేము నిమరలేదు, అదే మమ్మల్ని నిమిరిపోయింది. చల్లన, పొడి, బరువు లేదు. తోక కొస నా చేతినుంచి జారిపోయాక ఆమె చాలాసేపు చెయ్యి దించలేదు.

మరునాడు పొద్దున పితికిపప్పు సారు ఉడుకుతుంటే ఆమె చుక్క అరచేతి మీద వేసుకుంది. ఊదింది, నాలుకకు అద్దుకుంది, కళ్ళు మూసుకుంది. తెరిచి, "వచ్చింది కిష్టప్పా" అన్నది. నేను నమ్మలేదు. ఉప్పు చిటికెడు పడల్ల అన్నది. నేను రుచి చూశాను. నిజంగానే చిటికెడు పడాలి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా అబద్ధం ఒకటి నిజమైందని జీవితంలో మొదటిసారి పొంగిపోయాను. ఇంక నువ్వు ఇంటికి పో, బిడ్డ దగ్గరికి పో అన్నది. వారం రోజుల్లో క్యాంటీన్ పని ఒప్పుకున్నాను.

బయలుదేరే రోజు నేనే కాఫీ కలిపి ఆమెకొక లోటా ఇచ్చాను. ఆమె తాగి, లోటా బోర్లించి, బాగుందప్పా, చక్కెర సరిగ్గా పడింది అన్నది. నేను నా లోటా ఎత్తాను. చక్కెర వేయడమే మరిచిపోయాను. మొదటి గుటకకే తెలిసింది.

ఇక్కడ నేను ఎట్లైనా రాసుకోవచ్చు. సంచి దించేశానని, ఆగిపోయానని రాస్తే మీరు నమ్ముతారు. నేను ఆగలేదు. చేదు కాఫీ పూర్తిగా తాగాను, నా లోటా కూడా బోర్లించాను, పోయొస్తానక్కా అన్నాను. పదకొండేళ్ళ చెడ్డ కూడు తిని నిజం నిలబెట్టుకున్న మనిషి నాకోసం ఒక్క అబద్ధం చెప్పింది. అబద్ధాల్లో పండిపోయినవాణ్ణి, దాన్ని కనిపెట్టి కూడా, నాకు పనికొచ్చింది కాబట్టి నమ్మినట్టు నటించాను. చిక్కబళ్ళాపురం బస్సులో నా పక్కనున్నాయన ఎక్కడికి అని అడిగితే జవాబు చెప్పలేదు. నేను బస్సులో మాట్లాడకుండా ప్రయాణం చేసింది అదొక్కసారే.

నాలుగు నెలలు అటువైపు పోలేదు. పోతే బెంచీలు ఖాళీగా ఉంటాయని భయం. చివరికి ఒక సోమవారం సెలవు పెట్టి పోయాను. బెంచీలు నిండి ఉన్నాయి. ఎవరో కొత్తామె వడ్డిస్తోంది. నన్ను చూసి పాతవాళ్ళు జరిగి చోటిచ్చారు. పాము చేయి పాము చేయే కిష్టప్పా అన్నాడు ఒకాయన. నేను ముద్ద విరిచి సారులో ముంచి నోట్లో పెట్టుకున్నాను. ఎక్కడా తప్పు లేదు. నేను పక్కన కూర్చుని చుక్క చుక్క చూసి చెప్పిన రోజుల్లోకంటే బాగుంది.

అందరూ పోయాక లోపలికి పోయాను. కాఫీలో చక్కెర లేదక్కా ఆ రోజు అన్నాను. తెలుసు అన్నది. నేను తలుపు దాటగానే లోటా అడుగున వేలు పెట్టి చూసిందట, చక్కెర ఉంటే జిగట తగులుతుంది, తగల్లేదట. తెలిసీ వెనక్కి రాలేదేమప్పా అని మాత్రం నన్ను అనలేదు. మరి సారు ఎట్లా పెడుతున్నావంటే, నేను రుచి చెప్పిన ఆ రెండేళ్ళలో పట్టుకున్న గుర్తులు చెప్పింది. ఉప్పు పిడికిలి లెక్క. పులుసు రంగు చూస్తే తెలుస్తుంది. మిరపకారం కళ్ళమంటతో తెలుస్తుంది. పప్పు ఉడుకు చప్పుడు మారుతుంది, దించే ముందు గొంతు బరువెక్కినట్టు వినిపిస్తుంది. ఆ రోజు చిటికెడు ఉప్పు కూడా అట్లనే చెప్పిందట. నాలుక రాలేదు, ఇంక రాదు.

మూడు గంటలైంది. ఆమె తనకు అన్నం పెట్టుకుంది. ఈసారి నేను ఎదురుగా కూర్చుంటే లేవలేదు. ఒక ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా ఆగింది.

"నువ్వు తిన్నావు గదా. ఎట్లుండాది ఇది?"

శానా బాగుందక్కా అన్నాను.

"అట్ల కాదు. అందరూ అదే అంటారు. నా నోట్లో ఉన్నట్టు చెప్పు. ఏం కలపొద్దు."

నాకు మాటలు వెతుక్కోవలసి వచ్చింది. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. ముందర పులుపు వస్తుందక్కా, మెత్తగా వస్తుంది, నాలుక పక్కలకు పోతుంది అన్నాను. ఆమె మెల్లగా నమలసాగింది. ఇప్పుడు పప్పు కమ్మదనం, కొత్తిమీర పచ్చివాసన కొంచెం. ఉప్పు కనపడదు, లేకుంటే మాత్రం తెలిసేది. ఇప్పుడు కారం, వెనకనుంచి, గొంతు దగ్గర. ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఆగాను. "చెప్పు" అన్నది. నువ్వు మింగినాక ఒకటి మిగులుతుందక్కా, జీలకర్రది అన్నాను. ఆమె మింగింది. "అప్పుడు పదకొండేండ్లకి వచ్చిందే, అదే ఇది" అన్నది.

ఆ తర్వాత నెలనెలా రెండో సోమవారం ఒక్కటీ తప్పకుండా పోయాను. తిన్నాను, చెప్పాను, ఆమె విన్నది. ఏడాదిన్నర అట్లా గడిచింది. పోయిన చలికాలంలో ఆమె నిద్రలోనే పోయింది. చింతామణిలో పాము చేయి పోయిందనుకున్నారు. నేను సరిదిద్దబోయాను, ఎవరూ వినలేదు.

క్యాంటీన్‌లో నేను ఇప్పటికీ కోతలు కోస్తాను. నోట్లో ముద్ద ఉన్నంతసేపు మాత్రం అబద్ధం పలకదు. ఏది ముందర వచ్చింది, ఏది వెనక వచ్చింది అని వరుసగా చెప్పుకుంటూ తినడం అలవాటైపోయింది. నిన్న మధ్యాహ్నం సారు అన్నం తింటూ, పులుపు వచ్చిందక్కా, కారం ఇంకా దావలో ఉండాది అన్నాను, కొంచెం గట్టిగానే. ఎదురుగా కూర్చున్నాయన నన్నొకసారి చూసి, తన ప్లేటు ఎత్తుకుని పక్క బల్లకు పోయాడు. నేను కారం వచ్చేదాకా ఆగి, వచ్చింది అని చెప్పి, మింగాను.